బండిని ఆపు విద్య



ముప్పదియేండ్లు పాఠశాలలో తెలుగు పాఠములు చెప్పినవాడు మోటారు బ్రేకులను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱికి తోచవచ్చును. కారణము చెప్పెదను. నేడు మన పల్లెలలో ఎద్దుబండి లేని వీధులు కలవు గాని, కారు లేని వీధి యరుదు. ఆ కారును నడుపువారు పిల్లలు. దానికి సొమ్మిచ్చువారును, పండుగకో పెండ్లికో దానిలో ఎక్కి కూర్చుండువారును పెద్దలు. "తాతయ్యా, బ్రేకులు మార్చవలెను, వాటికి ఎఱ్ఱరంగు వేయవలెను, ఇంత సొమ్ము కావలెను" అని మనుమడు వచ్చి నిలిచినపుడు, ఆ కోరికలో అవసర మెంత, వేడుక యెంత యని తేల్చవలసినవారు మీరే. గడచిన వేసవిలో మా యింట ఈ వ్యవహారమంతయు నా కన్నులయెదుట జరిగినది. కారు మా అన్నగారి మనుమనిది. అతడు పాలిటెక్నిక్కు చదివినవాడు. పని చేసినవా డతడు. ప్రక్కన కూర్చుండి బండితో వచ్చిన పుస్తకమును చదివి, అడుగడుగునకు ప్రశ్నలు వేసినవాడను నేను. అట్లు తెలిసికొన్నదానిని మీతో చెప్పుచున్నాను.

బ్రేకనగా బండిని పట్టి నిలుపునది యని మన మనుకొందుము. శాస్త్రదృష్టితో చూచిన నది వేగమును వేడిగా మార్చెడి యొక పొయ్యి. ఈ మాట యొకటి తెలిసిన చాలును, తక్కినదంతయు దాని వ్యాఖ్యానమే. బండియు, అందలి జనమును కలిసి వెయ్యి కిలోల బరువనుకొందము. అది గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. దానిని పూర్తిగా నిలిపినచో పుట్టెడి వేడి, 30 డిగ్రీలున్న యొక లీటరు నీటిని 63 డిగ్రీలకు కాచును. అదే బండి 80 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా నిలిపిన, ఆ లీటరు నీరు 89 డిగ్రీలకు వచ్చును. వేగము పెరిగినది మూడవవంతే, వేడి పెరిగినది ముప్పాతికకు మించి. వేగము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. యువకులకు ఈ లెక్క చెప్పుడు. నెమ్మదిగా పొమ్మని వందమాఱులు చెప్పుటకంటె ఇది మేలు.

ఇక తిరుమల కొండనుండి దిగుట చూడుడు. ఇప్పుడు దిగువకు వచ్చు బండ్లు 1944లో తెఱచిన మొదటి ఘాటురోడ్డున వచ్చును, ఎగువకు పోవునవి 1974 నాటి రెండవ దారిన పోవును. దిగువదారిలో బండి 700 మీటర్ల యెత్తు దిగినదని లెక్కకై అనుకొందము. వెయ్యి కిలోల బండి అంత యెత్తు దిగుటలో విడిచెడి శక్తి, ఇంచుమించు 23 లీటర్ల నీటిని మరుగునకు తెచ్చును. అనగా పెద్ద కాగెడు నీళ్ళు. ఆ వేడియంతయు ముందుచక్రముల వద్దనున్న రెండు ఇనుప పళ్ళెములును, వెనుకనున్న రెండు డ్రమ్ములును భరింపవలయునన్న, అవి యెట్లు కాలునో ఊహించుకొనుడు. ఘాటులో పైనుండి క్రిందిదాక బ్రేకు తొక్కిపట్టి వచ్చినచో డిస్కు 300 డిగ్రీలు దాటుట కలదు. అందువలననే పెద్ద డ్రైవర్లు ఏ గేరులో కొండ ఎక్కుదురో ఆ గేరులోనే దిగుదురు. అప్పుడు వేడిలో చాలభాగమును ఇంజనే మ్రింగును.

కొందఱు పెట్రోలు మిగుల్చుదమని పల్లమున ఇంజను కట్టివేసి, గేరు తీసి, బండిని జాఱవిడుతురు. దీనిని మీ రెఱిగిన యే డ్రైవరు చేసినను అప్పుడే కోపపడుడు. మన కాలి బలముతో బ్రేకు పడుచున్నదని యనుకొందుము గాని, అందు సగమునకు మించిన బలము ఇంజను పీల్చు గాలివలన పనిచేయు బూస్టరు అను డబ్బాది. ఇంజను ఆగినపిదప రెండు మూడు తొక్కులలో ఆ బలము తీఱిపోవును. అటుపిమ్మట పెడలు రాయివలె గట్టిపడును. గేరు లేదు, బూస్టరు లేదు, ముందు వంపున్నది. ఇంత ప్రమాదమును కొని తెచ్చుకొని మిగిల్చునది గుక్కెడు పెట్రోలు.

చరిత్రను గూర్చి రెండు మాటలు. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను స్త్రీ తన భర్త నిర్మించిన బండిలో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వఱకు ప్రయాణము చేసెను. చెక్క బ్రేకులు అరిగిపోగా, దారిలో చెప్పులు కుట్టువానిచే వాటికి తోలు కొట్టించుకొనెను. బ్రేకునకు మార్చదగిన పైపొర యుండవలెనన్న ఆలోచనకు అది యాది యని చెప్పుదురు. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కుబ్రేకునకు పేటెంటు పొందెను. అదే యేట ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ముబ్రేకును రూపొందించెను. డ్రమ్ము వెంటనే లోకమంతట వ్యాపించినది. డిస్కు ఏబదియేండ్లు వేచియుండి, 1953లో లెమాన్ పందెములో డిస్కుబ్రేకుల జాగ్వారు గెలుపొందిన తరువాతనే ప్రఖ్యాతికి వచ్చినది. మన దేశమున 1950లలో పుట్టి 2014లో తయారీ ఆగిన అంబాసిడరు బండికి తొలినాళ్ళలో నాలుగు చక్రములకును డ్రమ్ములే. పెద్దమనుష్యులను ఆరుగురినెక్కించుకొని వచ్చు ఆ బండి చెఱువుకట్ట దిగునపుడు డ్రైవరు పెడలును రెండుమాఱులు దంచి తొక్కుట మీలో అనేకులు చూచియుందురు.

ఇప్పటి చిన్న కార్లలో తఱచుగా ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉండును. డ్రమ్మన మూకుడువంటిది. దానిలోపల రెండు షూలు విచ్చుకొని గోడను ఒరయును. డిస్కన చక్రముతో తిరుగు పళ్ళెము. దాని నిరుప్రక్కల నుండి రెండు ప్యాడులు పట్టకారువలె నొక్కును. ఆ పట్టకారు పేరు క్యాలిపరు. మన కుఱ్ఱవాండ్రు రంగు వేయుదమనునది దానికే. డిస్కు బయట గాలిలో నుండుటచేత వేగముగా చల్లారును. డ్రమ్ము మూతపెట్టిన కుండ, వేడి లోపలనే నిలుచును. కాలి యొత్తిడిని చక్రమువఱకు మోసికొనిపోవునది ఇనుపతీగ కాదు, ద్రవము. మూతపడిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కిన, ఆ యొత్తిడి అంతటను సమముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు పాస్కలు చెప్పెను. చిన్న గొట్టమున నొక్కి, దానికి నాలుగు రెట్లు వైశాల్యముగల పెద్ద గొట్టమున గ్రహించిన, బలము నాలుగు రెట్లగును. కదలిక మాత్రము నాలుగవవంతగును. ప్రకృతి ఉచితముగా నేమియు ఇయ్యదు.

ఇక మా పెరటిలోని కథకు వచ్చెదను. మావాడు మొదట తెచ్చిన పట్టిక పెద్దది. ఇంతకంటె వెడల్పైన డిస్కులు, నాలుగు పిస్టనుల క్యాలిపర్లు, వాటికి ఎఱ్ఱరంగు. అతనికిని నాకును జరిగిన సంవాద మిది.

"పెద్ద డిస్కు వేసిన బండి ఇంతకంటె ముందు ఆగునా?"

"ఆగుతుంది, చిన్నతాతయ్యా."

"ఇప్పుడు గట్టిగా తొక్కిన చక్రము బిగిసి నేలమీద జాఱుచున్నదా, లేదా?"

"జారుతుంది."

"అట్లయిన చక్రమును పట్టుటకు ఇప్పుడున్న బ్రేకే చాలుచున్నది గదా! బండి జాఱుటకు కారణము బ్రేకు చాలకపోవుటయా, నేలకు చక్రమునకు పట్టు చాలకపోవుటయా?"

అతడు కొంత సేపు ఊరకుండి, లేచిపోయి టైర్లను చూచి వచ్చెను. ఇదియే ఈ విషయమున ప్రధానమైన యంశము. చక్రమును ఆపునది బ్రేకు, బండిని ఆపునది టైరు. పెద్ద డిస్కులవలన ఉపయోగము లేదనను. మాటిమాటికి మహావేగమునుండి ఆపవలసిన పందెపు బండ్లకు, ఆ వేడి నోర్చుకొనుటకు అవి కావలెను. ఊరినుండి పట్టణమునకు పోయివచ్చు బండికి అవి చేయునది స్వల్పము. పైగా ముందు వెనుకల పాలు తప్పిన కీడు కలదు. తొక్కినపుడు బండి ముందునకు ఒరగును గనుక ముందుచక్రములే నూటికి అఱువది డెబ్బది పాళ్ళ పని చేయును. ఆ లెక్క కట్టియే కట్టడము చేసిరి. వెనుకబ్రేకులను మాత్రమే బలపఱచినచో వెనుకచక్రములు ముందుగా బిగిసి, తడినేలపై బండి బొంగరమువలె తిరుగును. చట్టము మాటయు నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు నిర్ణయమునకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. కనుక డ్రమ్ములు తీసి డిస్కులు బిగించుటవంటి పెద్దమార్పులకు పోవుటకు ముందు రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

టైరు వయస్సు తెలియుటకు మెకానిక్కు అక్కఱలేదు, చదువు వచ్చిన చాలును. టైరు ప్రక్కగోడమీద నాలుగంకెలు ముద్రించియుండును. 2319 అని యున్న, 2019వ సంవత్సరమున 23వ వారమున పుట్టినదని యర్థము. అది టైరు జాతకము. మావాని ముందుటైర్ల గాడులలో అరుగుదల తెలుపు చిన్నగట్టులు పైకి తేలియుండెను. పెద్ద డిస్కులకై దాచుకొన్న సొమ్ములో ముప్పాతికపాలు టైర్లకు పోయినది. మిగిలినదానితో అదే కొలత డిస్కులు, మంచి ప్యాడులు, క్రొత్త బ్రేకాయిలు కొంటిమి. వస్తువులను బిల్లుతోను, ముద్ర చెడని పెట్టెతోను కొనుట మంచిది. ప్యాడులలో నకిలీలు చాల తిరుగుచున్నవి. పైకి చూచిన ఒకే రూపము, కాలిన తరువాత గాని గుణము బయటపడదు.

పని యారంభించుటకు ముందు బండిని గట్టినేలపై నిలుపవలెను. మన పెరటిమట్టిలో జాకీ దిగబడును. మేము గోశాలముందరి బండపఱపుమీద నిలిపితిమి. నేలమీదనే యుండు చక్రములకు ముందువెనుకల అడ్డురాళ్ళు పెట్టవలెను. ఇది ఎద్దుబండి తోలినవారికి నేను చెప్పనక్కఱలేదు. నట్లను బండి ఎత్తకమునుపే కొంచెము వదులు చేసికొనవలెను. జాకీతో ఎత్తినపిదప ఇనుప స్టాండుమీద దింపవలెను. ఒక్క జాకీని నమ్మి బండిక్రింద తల పెట్టువానిని చెవి పట్టుకొని వెలుపలికి లాగుడు. ఇందు మొగమోటము వలదు.

చక్రము తీసినపిదప నల్లని ధూళి కనబడును. దానిని నోటితో ఊదరాదు, గాలిగొట్టముతో కొట్టరాదు. పాతకాలపు లైనింగులలో రాతినార కలిపెడివారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చునని తేలిన మీదట ఐరోపా సమాఖ్య 2005 నుండి దానిని నిషేధించినది. ఎందులో ఏమున్నదో మనకు తెలియదు గనుక తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో కట్టి పాఱవేయుట యుత్తమము. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

రంగుపనిని గూర్చి నా యభిప్రాయము ఇక్కడనే మాఱినది. రంగు వేయవలయునన్న మొదట వైరుబ్రష్షుతో త్రుప్పు గీకవలెను, ఉప్పుకాగితముతో రుద్దవలెను, తిన్నరుతో గాని బ్రేకులు కడుగు ద్రావకముతో గాని జిడ్డు పోగొట్టవలెను. అట్లు శుభ్రము చేయవలయునన్న ప్రతి మూలను కంటితో చూడవలెను. మావాడు ఎడమవైపు ముందుచక్రమువద్ద క్యాలిపరు తుడుచుచు, దానికి వచ్చెడి రబ్బరుగొట్టమును ప్రక్కకు వంచెను. వంచినచోట, ఇనుపకొనకు రెండంగుళముల దూరమున, ఎండిన చెఱువుమట్టివలె పగుళ్ళు కనబడినవి. ఒక పగులులో తడి. వ్రేలితో అంటి చూచిన బ్రేకాయిలే. నెలదినముల క్రిందట పట్టణములోని యొక షెడ్డువారు సర్వీసు చేసి, బ్రేకులన్నియు బాగుగ నున్నవని చీటిపై వ్రాసియిచ్చిరి. చీటిపై వ్రాసినవారు గొట్టమును వంచి చూచినట్లు లేదు. మఱి పది దినములలో అదే బండిలో మా యింటి ఆడవారు, ఇద్దఱు పసిపిల్లలు తిరుమల యాత్రకు పోవలసియుండెను. కొండదిగుచు కాలుపెట్టి తొక్కిన యొత్తిడికి ఆ గొట్టము పగిలియుండిన యేమగునో చెప్పుట కష్టము. నేటి బండ్లలో ద్రవమార్గములు రెండుగా విభజించియుందురు. ఒకటి పోయినను రెండు చక్రములకు బ్రేకు మిగులును. కాని వంపుతిరుగు పల్లమున సగము బ్రేకు చాలునా యన్నది వేఱు ప్రశ్న. ఆ సాయంకాలము రంగుడబ్బా మూత తీయలేదు. మఱునాడు రెండువైపుల గొట్టములను కొని తెచ్చితిమి.

ఆపని ముగిసినపిదపనే రంగు. సామాన్యముగా తలుపులకు, గ్రిల్లులకు వేయు ఎనామలు రంగు ఇందుకు పనికిరాదు. వేడికి అది మాడి, బుడగలెత్తి, పొరలుపొరలుగా రాలును. వేడి కోర్చు రంగని ప్రత్యేకముగా అమ్ముదురు. ఎన్ని డిగ్రీలవఱకు తాళునో డబ్బామీద వ్రాసియుండును. ఊదెడి డబ్బాకంటె కుంచెతో వేయునదియే ఇంటిపనికి సుకరము, అక్కఱలేనిచోట పడదు. రంగు పడరాని స్థలములు చాల గలవు. డిస్కు ముఖము, ప్యాడుల ముఖము, పిస్టనును దాని చుట్టునున్న రబ్బరు తొడుగును, క్యాలిపరు ప్రక్కకు జాఱెడి సూదులు, ప్యాడులు కూర్చుండెడి గాడులు, గాలి తీయు నిప్పులు. వీని కన్నిటికిని కాగితము, అంటుపట్టీ చుట్టవలెను. వెనుక డ్రమ్ముల వెలుపల వెండిరంగు వేసిన త్రుప్పు పట్టదు, అందముగా నుండును. కాని చక్రము ఆనెడి ముఖమున రంగు ఉండరాదు. రంగుపొర అణగిన కొలది నట్లు వదులగును. కడసీల ఊడిన బండిచక్రము కథ మీరెఱిగినదే.

పలుచగా రెండు పూతలు, కావలసిన మూడవది. పూతకు పూతకు నడుమ డబ్బాపై చెప్పినంతసేపు ఆరనీయవలెను. ఒక్కమాఱే దట్టముగా పూసిన కన్నీరు కార్చినట్లు చారలు కట్టును. కడపటి పూత తరువాత ఒక దినము కదపకుండిన మంచిది. మేము రాత్రి గోశాలలోని ఆవును ఇవతలి పాకకు మార్చితిమి. రంగు వాసనకు అది యిబ్బంది పడునని మా వదినెగారి పట్టుదల.

రంగేది యని యింట వాదము జరిగినది. ఎఱ్ఱరంగునకు ప్రచారము తెచ్చినది 1961లో ఇటలీలో స్థాపించిన బ్రెంబోవంటి బ్రేకుల కంపెనీలు. జర్మనీ పోర్షెవారు పింగాణిజాతి డిస్కులుగల బండ్లకు పసుపురంగు క్యాలిపర్లు పెట్టుదురు. అక్కడ రంగు బిరుదువంటిది, విద్యను బట్టి యిచ్చునది. ఇక్కడ మన కుఱ్ఱవాండ్రు పసుపురంగు పూసికొనుట శాలువ కప్పుకొన్నంతనే శతావధానియైతి ననుకొనుటవంటిది. ఈ మాట యని నవ్వితిని గాని వలదనలేదు. రంగువలన బ్రేకు బలము గోరంతయు పెరుగదు. త్రుప్పు తగ్గును, మఱుసటిమాఱు నూనె కారిన వెంటనే కనబడును. ఈ రెండు లాభములు చాలును. మావాడు ఎఱ్ఱరంగే వేసెను.

తిరిగి బిగించునపుడు కొన్ని జాగ్రత్తలు. పని జరుగునంత సేపు క్యాలిపరును రబ్బరుగొట్టమున వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. క్రొత్త ప్యాడులు మందముగా నుండును గనుక పిస్టనును లోపలికి నొక్కవలసివచ్చును. అప్పుడు పైనున్న డబ్బాలో బ్రేకాయిలు పొంగి వెలికి వచ్చును. ముందే కొంత తీసియుంచవలెను. బండి రంగుమీద పడిన ఆ ద్రవము రంగును తినివేయును, వెంటనే నీళ్ళతో కడుగవలెను. క్రొత్త డిస్కులకు త్రుప్పు పట్టకుండ నూనె పూసి పంపుదురు. దానిని ద్రావకముతో తుడువనిచో బ్రేకు జాఱును. పాత డిస్కును మార్చవలయునా యన్న సందేహమునకు సమాధానము డిస్కు మీదనే కనిష్ఠ మందముగా చెక్కియుండును. మా దానిపై 15 మిల్లీమీటర్లని యుండగా, కొలిచిన 14.6 వచ్చెను. ప్యాడు పొర 3 మిల్లీమీటర్లకు వచ్చిన మార్చుట మంచిది. ఏది మార్చినను ఎడమకుడులకు జతగా మార్చవలెను. లేనిచో తొక్కినపుడు బండి ఒకవైపునకు లాగును. సూదులకు బ్రేకులకై యమ్ము గ్రీసే పూయవలెను, బండి యిరుసునకు పూయు కందెన కాదు.

గొట్టములు విప్పితిమి గనుక లోపల గాలి చేరినది. గాలి నొక్కిన అణగును, ద్రవ మణగదు. గాలియున్న పెడలు మెత్తగా దిగిపోవును. దానిని తీయుటకు ఇద్దఱు కావలెను. లోపల కూర్చుండి నేను తొక్కితిని, క్రింద అతడు నిప్పులు విప్పెను. "తొక్కండి", "పట్టండి", "వదలండి". ఈ మూడు మాటలు గంటసేపు మా పెరటిలో వల్లెవేసిన పాఠమువలె వినబడినవి. నిప్పులు బిగించకముందే కాలు తీసినచో గాలి తిరిగి లోనికి పోవును. ఏ చక్రమునకు ముందు, దేనికి తరువాత అన్నది బండి పుస్తకమును బట్టి చేయవలెను. 2019 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్ము కార్లకు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బీ.ఎస్. అను యంత్రము తప్పనిసరి యైనది. అట్టి బండ్లలో ఆ యంత్రములోనికి గాలి పోయిన, ఇంటివద్ద తీయుట కుదరకపోవచ్చును, షెడ్డులోని పరికరము కావలెను. మా బండి అంతకు పూర్వపుది.

బ్రేకాయిలన్నది పేరునకు నూనె గాని, సామాన్యమైన నూనె కాదు. నీటిని గాలినుండి పీల్చుకొను గుణము దానికి కలదు, మన ఊరగాయజాడీ మూత తెఱచియుంచినట్లే. క్రొత్త డాట్ 4 ద్రవము 230 డిగ్రీలవఱకు మరుగదు. నీరు చేరినపిదప 155 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. కొండ దిగునపుడు అది మరిగి ఆవిరియైన, ఆవిరి గాలివలెనే అణగును, పెడలు నేల తాకును. బండి చల్లారిన తరువాత పరీక్షించిన అంతయు బాగుగనే యుండును. డ్రైవరు చెప్పినది అబద్ధమని మనము తిట్టుదుము. రెండేండ్ల కొకమాఱు ఈ ద్రవమును మార్చుటకు అగు ఖర్చు స్వల్పము. ఇంటివద్ద చేయదగిన బాగుసేతలలో దీనికి మించినది లేదని నా తలపు. పుస్తకములో డాట్ 3 అని యున్న బండ్లలో తఱచు డాట్ 4 పోయవచ్చును, అయినను పుస్తకము చూచి పోయుడు. డాట్ 5 అన్నది సిలికోను జాతి, దానిని వీనిలో కలుపరాదు. ద్రవము తగ్గినదని ఇంజనాయిలు పోయుట అన్నిటికంటె అనర్థము. రబ్బరు భాగములన్నియు ఉబ్బి చెడిపోవును.

అంతయు బిగించి, చక్రము పెట్టి, నట్లను ఎదురెదురుగా బిగించిన తరువాత, బండి కదల్చుటకు ముందు పెడలును గట్టిపడువఱకు పలుమాఱులు తొక్కవలెను. వెనుకకు నొక్కిన పిస్టను తిరిగి ప్యాడును తాకువఱకు బ్రేకన్నది ఉండదు. మొదటి తొక్కు నేలదాక పోవును. దీనిని మఱచి బండిని వీధిలోనికి తీసి గోడను కొట్టిన కథలు షెడ్డులలో కావలసినన్ని వినవచ్చును. పిమ్మట జనములేని తిన్నని దారిలో 50 కిలోమీటర్ల వేగమునుండి 10కి నెమ్మదిగా తగ్గించుట, పూర్తిగా నిలుపక మరల సాగుట, నడుమ చల్లారనిచ్చుట, ఇట్లు పదిమాఱులు చేసిన ప్యాడు డిస్కునకు ఒదుగును. క్రొత్త చెప్పు కాలి కలవాటగునట్లు. మొదటి 200 కిలోమీటర్లవఱకు అవసరము లేక గట్టిగా తొక్కకుండుట మంచిది. ఏబది కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లకు మరల పానా పెట్టి చూడవలెను.

బండిలో ప్రక్కసీటున కూర్చుండు పెద్దలు శల్యసారథ్యము చేయనక్కఱలేదు గాని, చెవులు తెఱచియుంచిన మేలు. తొక్కినపుడు కీచుమని సన్నని ధ్వని వచ్చిన ప్యాడు అరిగినదని తఱచు సూచన. గరగరమన్న ఇనుము ఇనుమును ఒరయుచున్నది, బండి ఆపించుడు. పెడలు అదరిన డిస్కు వంకర తిరిగియుండవచ్చును. వానలో రాత్రి నిలిపిన బండి ఉదయము మొదటి తొక్కునకు ఒరసినట్లు శబ్దము చేసిన భయము లేదు, డిస్కుమీద పట్టిన పలుచని త్రుప్పు రెండు తొక్కులలో పోవును.

తీసివేసిన పాత బ్రేకాయిలు మాకు ముప్పావులీటరు వచ్చినది. దానిని కాలువలో పోయరాదు, పశువులు త్రాగెడి తొట్టిదరిని ఉంచరాదు, అది విషము. మందుసీసా యని యెవరును పొరబడకుండ దానిమీద పెద్దయక్షరములతో పేరు వ్రాసి, బిరడా బిగించి, పిల్లల కందని అటుకపై పెట్టితిని. పట్టణమునకు పోయినపుడు వాడిన నూనెలు తీసికొను షెడ్డులో ఇచ్చి వచ్చితిమి.